గుఢీకి కట్టిన చీర

యుగాదినాడు కొత్తబట్ట కట్టుకోవడం మన ఆచారం. మన పెద్దలు వచ్చి స్థిరపడిన ఈ మహారాష్ట్ర దేశంలో మాత్రం ఆనాడు కొత్తబట్టను ఒంటికి కట్టుకొని ఊరుకోరు. కర్రకు కూడ కడతారు. నూనె రాసి కడిగిన వెదురుకర్ర చివర కొత్త చీర గాని, రవికల గుడ్డ గాని కుచ్చిళ్ళుగా కట్టి, వేపరెమ్మ, మామిడిరెమ్మ, పూలదండ, చక్కెరబిళ్ళల దండ చుట్టి, పైన చెంబు బోర్లించి వాకిట నిలబెడతారు. దానినే గుఢీ అంటారు. షోలాపూరులో మన తెలుగు పేటలలో ఎన్నో ఇండ్లలో తరాలనుండి ఇంటిలోపల వేపపువ్వు పచ్చడి, ఇంటిముందు గుఢీ. ఇందులో ఏది మనది, ఏది వారిది అని అడిగితే మా ఇంటి పిల్లలు చెప్పలేరు. నిజానికి పెద్దలమూ చెప్పలేము.

నాకు ఊహ తెలిసినప్పటినుండి మా వాకిట గుఢీకి కట్టిన బట్టలను వరుసగా తలచుకొంటే, ఈ ఊళ్ళో మనవారి చరిత్ర సగం అందులోనే కనబడుతుంది. నా చిన్నతనంలో ఆనాటికి మగ్గంమీదనుండి దిగిన తొమ్మిదిగజాల చీర. తరువాత కొన్నేండ్లు బజారునుండి తెచ్చిన ఆరుగజాల నైలాన్ చీర. ఒక ఏడు, చేతిలో కాసులు లేని రోజులలో, మా సాంచె మీద దిగిన తువ్వాలునే కట్టినాము. ఎవరూ నవ్వలేదు, ఆ ఏడు మా వీధిలో చాలా గుఢీలకు తువ్వాళ్ళే. ఈ నడుమ మళ్ళీ చీర వచ్చినది. ఆ చీర సంగతి చివర చెబుతాను.

పాతబట్టను చూచి మనసు కరగడం లోకమంతటా ఉన్నదే. పడమటి దేశాలవారు ఈ మనోవ్యథకు ఒక పేరు పెట్టినారు: నోస్టాల్జియా. ఈనాడు ఆ మాటను గడచిన కాలంమీది మమకారానికి వాడుతున్నారు గాని, పుట్టినప్పుడు దాని అర్థం వేరు. 1688లో బాజెల్ నగరంలో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి తన సిద్ధాంత వ్యాసంలో ఈ మాటను కల్పించినాడు. ఇంటికి తిరిగిపోవడం, బాధ అనే రెండు గ్రీకు మాటలను కలిపి కుట్టిన మాట అది. ఊరు విడిచి పరాయిచోట ఉన్న స్విట్జర్లాండు వారిలో కొందరు తిండి మాని, నిద్రమాని చిక్కిపోతూ ఉండడం గమనించి, దానిని ఒక జబ్బుగా ఆయన వర్ణించినాడు. దానికి మందు ఇంటికి పంపడమే. అంటే అది మొదట వలసవారి జబ్బు. ఊరికోసం పడే బాధ క్రమంగా కాలంకోసం పడే బాధగా మారింది. ఊరికయితే రైలెక్కి పోవచ్చును. 1950కి రైలు లేదు.

మన పెద్దలు ఈ ఊరికి వచ్చినది రైలుమీదనే అని చాలమంది ఇండ్లలో చెప్పుకొంటారు. కాలినడకను వచ్చినవారూ ఉన్నారు. బొంబాయినుండి వచ్చే రైలు 1860లో షోలాపూరు చేరింది. 1874లో వాడీనుండి సికిందరాబాదుకు నిజాము రాజ్యపు దారి పడింది. అంతలో 1876, 1877 సంవత్సరాల ఘోరమైన కరవు. ఆ 1877లోనే షోలాపూరులో నూలు తీసి బట్ట నేసే మిల్లు వెలసింది. తరువాతివారు దానిని జునీ గిరణీ, అంటే పాతమిల్లు అన్నారు. ఒకవైపు వానలు లేని తెలంగాణపు పల్లెలు, మరొకవైపు చేతికందే మిల్లు నూలు, రైలుస్టేషను, చీరలు కొనే పెద్ద మరాఠీ దేశం. కరీంనగరం, నల్లగొండ, పాలమూరు, ఓరుగల్లు ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు, వారితో మరికొన్ని కులాలవారూ తరలి వచ్చినారు. మా ముత్తాత కరీంనగరం వైపునుండి వచ్చినాడు. చంకలో నాడె, నెత్తిన అచ్చు పెట్టుకొని వచ్చినాడని మా బాపమ్మ చెప్పేది. అచ్చు నెత్తిన పెట్టుకొని అంతదూరం ఎవరైనా వస్తారా అని నేను అడిగితే, “నీ నెత్తిమీద పుస్తకాలు లేవా?” అనేది.

ఇక్కడ మనవారు నేసినది తమకోసం కాదు. ఈ సంగతి మనం తరచు మరచిపోతాము. మరాఠీ స్త్రీలు ఆనాడు కట్టేది తొమ్మిదిగజాల లుగడా. ముందు కుచ్చిళ్ళు పోసి, కాళ్ళనడుమనుండి వెనుకకు తీసి కచ్చ దోపి కడతారు. పొలంలో నాటు వేసినా, బావిలో నీరు చేదినా, ఎడ్లబండి ఎక్కినా ఆ కట్టుకు అడ్డులేదు. మన తెలంగాణంలోనూ ఆడవారు గోచి పోసి కట్టేవారు గనుక మనవారికి ఆ చీర కొత్తదేమీ కాలేదు. పొడుగు, అంచు, రంగు మాత్రమే కొత్త. ఇల్కల్ పద్ధతి అంచులు, నల్లచంద్రకళ వంటి ముదురు రంగులు, కొంగుకు ఎర్ర పట్టెలు, ఇవన్నీ మనవారు ఇక్కడ నేర్చుకొన్నారు. నేర్చుకొని, నేర్పినవారికంటె బాగా చేయడం వలసవచ్చినవారికి ఒక అవసరం.

మా తాత గుంటమగ్గంమీద నేసేవాడు. ఇరవయ్యో శతాబ్దపు మొదటి దశాబ్దాలలో తాడు లాగితే దానంతట అదే ఎగిరే నాడె వచ్చి పని వేగం పెరిగింది. తరువాత అంచులకు డాబీ, జకార్డు. 1920ల తరువాత విదేశాలనుండి కృత్రిమ పట్టునూలు వచ్చి చవకలో మెరుపు తెచ్చింది. చేనేత అంటే మార్పులేనిదని, తాతముత్తాతలనాటి తీరే నడుస్తుందని పట్నవాసులు వ్రాస్తూ ఉంటారు. నేసేవాని ఇంట్లో పుట్టినవాడెవడూ అలా వ్రాయడు. ప్రతి దీపావళికి, ప్రతి పెండ్లిళ్ళ కాలానికి సావుకారు కొత్త అంచు అడిగేవాడు. పోయినేటి అంచు ఈ ఏడు పనికిరాదు. ఒక అంచుకు ఆ ఏడు నడుస్తున్న సినిమా పేరు పెట్టినారని, ఆ సినిమా రెండువారాలకే లేచిపోయినా అంచు మాత్రం మూడేండ్లు ఆడిందని మా తాత నవ్వేవాడు.

ఈ మార్పుల నడుమ ఆడవారి కట్టు కూడ నెమ్మదిగా మారుతూ వచ్చింది. ఆరుగజాల చీర, లోపల లంగా, పైన కుట్టిన రవిక, ఎడమభుజంమీద కొంగు అనే ఈనాటి కట్టు అనాదినుండి వచ్చినదని మన పిల్లలు అనుకొంటారు. దాని వయస్సు అంత ఎక్కువ కాదు. 1860లలో కలకత్తా ఠాకూరు కుటుంబపు కోడలు జ్ఞానదానందినీదేవి, భర్త ఉద్యోగరీత్యా బొంబాయి ప్రాంతంలో ఉండి, పారశీ స్త్రీల కట్టును చూచి కొన్ని మార్పులతో ఒక పద్ధతి ఏర్పరచింది. చదువుకొన్న కుటుంబాలలో అది పాకింది. 1894లో రవివర్మ బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టి లక్ష్మీ సరస్వతుల పటాలు అచ్చువేయడంతో, దేశంలో ప్రతి గోడమీదా చీర కట్టిన దేవతలు వెలసినారు. దేవత ఎలా కడితే గృహిణి అలా కడుతుంది. లేక గృహిణి ఎలా కట్టాలని ఆశపడుతుందో చిత్రకారుడు దేవతకు అలా కడతాడు. ఏది ముందో నేను తేల్చలేను. తరువాత బడులు, ఆఫీసులు, సినిమాలు వచ్చినవి. 1920లనుండి 1950ల వరకు పూనా, బొంబాయి నగరాలలో చదువుకొన్న ఆడపిల్లలు ఒకరి తరువాత ఒకరు తొమ్మిదిగజాలు విడిచి ఆరుగజాలకు వచ్చినారు. దానిని గోల్ చీర, అంటే గుండ్రంగా చుట్టే చీర అన్నారు. పల్లెలలో, పనిపాటల వారిలో పాతకట్టు ఇంకా చాలాకాలం నిలిచింది.

మా ఇంట్లో ఆ మార్పు 1961లో వచ్చింది. అప్పుడు నాకు ఎనిమిదేండ్లు. మా అమ్మ ఒకనాడు ఆరుగజాల చీర కట్టుకొని గడప దాటింది. మా బాపమ్మ బీడీల చేట ముందర పెట్టుకొని కూర్చున్నది తలెత్తి చూచింది. “గిదేం కట్టుడే? గోచి లేకుంటే పనెట్ల జేస్తవ్, పరుగెట్ల వెడ్తవ్?” అన్నది. మా అమ్మ, “ఏడికి పరుగు వెడ్తనత్తా, బజారుకే గద” అని నెమ్మదిగా వెళ్ళిపోయింది. మా తాత మగ్గం గుంటలోనుండి ఈ మాటలు విన్నాడు. ఆ రోజంతా మాట్లాడలేదు. రాత్రి అన్నం తినేటప్పుడు మాత్రం, “మూడు గజాలు పోయినయంటె ముగ్గుర్ల ఒకని కూడు పోయినట్టే” అన్నాడు.

ఆ లెక్క నాకు తరువాత చాలాకాలానికి అర్థమయింది. తొమ్మిదిలో మూడు పోతే మూడవ వంతు నేత పోయింది. అయితే తాత లెక్క కూడ తక్కువే. పోయినది గజాలు మాత్రమే కాదు. ఆరుగజాల చీర కొనేవారు అద్దకం వాయిలు, ఆ తరువాత నైలాను అడిగినారు. అంచును మగ్గంమీద ఎత్తే విద్య, నూలుకే రంగుపెట్టి గడులు తేల్చే విద్య అద్దకపు చీరకు అక్కరలేదు. ఆ ఏడే ఒక వర్తకుడు మా తాత నేసిన మూట మొత్తం తిప్పి పంపినాడు. ఆయన పేరు ఇక్కడ అక్కరలేదు. ఆయనా మనవాడే, ఆయనకూ అమ్ముడుపోలేదు. “ఈ అంచు ఇప్పుడెవరూ అడగడం లేదు” అని కబురు. మూటలోని చీరలను చుట్టాల పెండ్లిళ్ళకు పెట్టుబడి చీరలుగా ఇచ్చి తీర్చినారు. ఒక్కటి మిగిలింది. మా బాపమ్మ దగ్గర మరొకటి, తాత 1938లో తన చేత్తో ఆమెకోసమని నేసి ఇచ్చినది, ఇనుప పెట్టెలో కలరా ఉండల నడుమ ఉండేది. నేతగాడు తన భార్యకోసం నేయడం అరుదు. నేసినది నేసినట్లు సావుకారు గుమ్మం ఎక్కవలసినదే గదా.

ఆనాడు మా అమ్మ ఈడువారు ఆ చీరను చూచి నవ్వేవారు. అంత లావు నూలు, అంత ముదురు రంగు, ముసలివాళ్ళ అంచు అని. ఇప్పుడు అదే చీరను చూడడానికి మా కోడలి స్నేహితురాళ్ళు వస్తున్నారు.

దీనికి ఒక లెక్క వేసినవాడున్నాడు. లండన్‌లోని విక్టోరియా ఆల్బర్టు వస్తుప్రదర్శనశాలలో పనిచేసిన జేమ్స్ లేవర్ అనే పండితుడు 1937లో ప్రచురించిన గ్రంథంలో బట్టల వయస్సును బట్టి లోకం వాటిని ఎలా చూస్తుందో ఒక పట్టీగా చెప్పినాడు. కాలానికి పదేండ్లు ముందే కడితే అసభ్యం. కాలంతోపాటు కడితే అందం. ఒక్క ఏడు గడచిందా, మోటు. పదేండ్లకు వికారం, ఇరవయ్యేండ్లకు నవ్వులపాలు. అక్కడనుండి మెట్లు పైకి. యాభైయేండ్లకు వింతగా, డెబ్భైయేండ్లకు ముచ్చటగా, నూరేండ్లు దాటితే కావ్యంలో వస్తువుగా, నూటయాభైకి కేవల సౌందర్యంగా తోస్తుందట. మా బాపమ్మ చీర 1961లో ఇరవైమూడేండ్లది, నవ్వులపాలయింది. ఇప్పుడు ఎనభై దాటింది, ముచ్చటగా ఉన్నది. ఆ దొర లెక్క మా ఇనుప పెట్టెకు సరిగ్గా సరిపోయింది.

కాని ఆయన లెక్క కట్టుకొనేవారి లెక్క. నేసేవాని లెక్కలో మెట్లు ఇన్ని ఉండవు. అడుగుతున్నారు, అడగడం లేదు, అంతే. అడగని ఏడు వచ్చిన తరువాత యాభైయేండ్లకు వింతగా, డెబ్భైయేండ్లకు ముచ్చటగా తోచేదాకా ఏ నేతగాడు మగ్గం ముందర కూర్చుంటాడు?

ఇది మన షోలాపూరు కథ మాత్రమే కాదు. మన తెలుగుతీరం ఒకప్పుడు ప్రపంచానికే వేషం కట్టింది. మచిలీపట్నంలో 1606 ప్రాంతాన డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు కొట్లు తెరిచినది మిరియాలకోసం కాదు, బట్టకోసం. కృష్ణ దిగువ నేలలలో పెరిగే చిరివేరునుండి తీసిన ఎరుపు వంటి ఎరుపు మరెక్కడా లేదని పేరు. కలంకారీ అద్దకపు బట్టలు ఐరోపా కులీనుల పడకగదులలో తెరలయి, ఆపైన వారి గౌనులయినవి. వ్యామోహం ఎంత ముదిరిందంటే అక్కడి నేతగాండ్రు గోల పెట్టినారు. ఫ్రాన్సు 1686లో ఇటువంటి బట్టను నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా సాగింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో మరొక చట్టం చేసి దిగుమతినీ, తరువాత ధారణనూ కూడ అడ్డుకొన్నది. బట్ట కట్టుకొన్నందుకు జరిమానా! తరువాత 1869లో అలిజరిన్ అనే ఎరుపును కర్మాగారంలో చేయడం మొదలయ్యేసరికి చిరివేరు త్రవ్వేవాని పలుగు మూలబడింది.

ప్రళయకావేరి అని మనం పిలిచిన పులికాటునుండి ఓడలెక్కిన గళ్ళబట్ట తూర్పుదీవులలో ఎంత నాటుకొన్నదంటే, మలయా దేశంలో మగవారు కట్టే గళ్ళ లుంగీకి ఈనాటికీ ఆ ఊరిపేరే, పెలికాట్ అని. అలాగే చీరాల పరిసరాలలోనూ, మద్రాసు ప్రాంతంలోనూ నేసిన మద్రాసు రుమాళ్ళు పశ్చిమ ఆఫ్రికాకు ఎగుమతి అయ్యేవి. నైజీరియాలో కలబారీ జాతివారు ఆ బట్టను ఇంజిరి అంటారు. అసలైన ఇండియా బట్ట అని దాని భావం. బిడ్డ పుట్టినప్పుడు, మనిషి పోయినప్పుడు ఆ గళ్ళబట్ట వారికి ఉండి తీరాలి. ఎక్కడో చీరాల వీధులలో పడుగు సాచినవానికి, తన రుమాలు ఒక ఆఫ్రికా ఇంట్లో తాతలనాటి ఆస్తిగా పెట్టెలో దాచబడుతున్నదని తెలిసి ఉంటుందా? పెట్టెలు అక్కడా ఉన్నవన్నమాట. 1958 ప్రాంతంలో అమెరికాకు ఇటువంటి మద్రాసు గళ్ళగుడ్డ వెళ్ళి, ఉతికితే రంగు కారిపోవడంతో గొడవ లేచింది. తరువాత ఆ రంగు కారడమే ఆ గుడ్డ గొప్ప అని ప్రకటించి అమ్మినారు. మా తాత ఈ కథ వినలేదు. విని ఉంటే తిరిగివచ్చిన తన మూటను అమెరికాకు పంపమనేవాడు.

వీటన్నిటిలో నాకు దగ్గరగా తోచేది తేలియా రుమాలు. చీరాలలో పుట్టి, తరువాత నల్లగొండ వైపు పుట్టపాకలో నిలిచిన విద్య అది. నూలును ఆముదపు మొక్కలు కాల్చిన బూడిద నీటిలోను, నూనెలోను మళ్ళీ మళ్ళీ ముంచి ఎండవేసి, రెండువారాలకు పైగా మెత్తబరచి, అటుపైన కట్లుకట్టి ఎరుపు, నలుపు రంగులు పట్టిస్తారు. పడుగునకూ పేకకూ రెంటికీ ముందే బొమ్మ కట్టి, నేతలో ఆ రెండు బొమ్మలు ఒకచోట కలిసేటట్లు చూడాలి. ఒక్క పోగు జరిగితే బొమ్మ చెదరుతుంది. నూనె వాసన వదలదు గనుక ఆ పేరు. అరబ్బు దేశాలకు, బర్మాకు, తూర్పు ఆఫ్రికాకు ఆ రుమాళ్ళు పోయేవి. ఇక్కడ మాత్రం అది బెస్తవాని లుంగీ, పసులకాపరి తలగుడ్డ. ఎండలో నెత్తి చల్లగా ఉంచుతుందని కట్టేవారు. మా తాత తలకు చుట్టిన రుమాలు అదేనని బాపమ్మ చెప్పేది. నాకు గుర్తున్నది దాని వాసన మాత్రమే. విదేశపు బేరం పడిపోయి, కాపరులు కూడ మిల్లుగుడ్డకు మారినాక ఆ విద్య దాదాపు ఆరిపోవలసినది. అదే బొమ్మలను చీరలకు, దుపట్టాలకు ఎక్కించి పుట్టపాకవారు నిలబెట్టినారు. ఆ ఊరి నేతగాండ్రు గజం గోవర్ధనకు 2011లోను, గజం అంజయ్యకు 2013లోను పద్మశ్రీ వచ్చింది. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు లభించింది. పసులకాపరి తలగుడ్డ ఈనాడు అద్దాల చట్రంలో వ్రేలాడుతున్నది. దానిని చూచి సంతోషించవలసినదే. కాపరి ధరలో మాత్రం అది ఇక దొరకదు.

మగవారి వేషం గురించి ఎక్కువ వ్రాయడానికి లేదు. మనం త్వరగా లొంగిపోయినాము. ధోవతి, తలపాగా, ఉత్తరీయం పోయి టెర్లిన్ చొక్కా, పంట్లాము వచ్చేసరికి రెండు తరాలు పట్టలేదు. ఒక్క టోపీ సంగతి చెప్పాలి. 1930 మే, జూన్ నెలలలో షోలాపూరులో సైనిక శాసనం నడిచింది. ఆ రోజులలో గాంధీ టోపీ నెత్తిన పెట్టి వీధిలో నడవడానికి గుండె కావలసి ఉండేది. ఆ ఉద్యమపు కేసులలో 1931 జనవరి 12న మన ఊరివారు నలుగురు ఉరికంబమెక్కినారు. తరువాత అదే టోపీ పెండ్లిపెద్దల నెత్తిన, ఎన్నికల సభలలో, డబ్బావాలాల తలమీద కనబడుతూ వచ్చింది. పెట్టుకొన్నవారిలో దాని వెల ఎరిగినవారు ఎందరో చెప్పలేను.

1963 ప్రాంతంలో పాతమిల్లు మూతబడింది. మా తాత మగ్గం ఆ మరుసటేడు విప్పినాము. మా నాయన మరొకరి సాంచెలమీద పనికి కుదిరి, తరువాత అప్పుచేసి రెండు సాంచెలు కొన్నాడు. చీర పోయి దుప్పటి వచ్చింది. షోలాపూరు చాదరు అంటే దేశమంతా ఎరిగినదయింది. అది మెత్తగా ఉండదు, తేలికగా ఉండదు, చిరగదు. జకార్డు నెమళ్ళు, పువ్వులు రెండువైపులా తేలుతాయి. ఆ జకార్డుమీద చేయి తిరిగినవారు చీరల అంచులనుండి వచ్చినవారే. అంచులో ఒదిగిన పువ్వు దుప్పటి నిండా విచ్చుకొన్నదన్నమాట. ఈ శతాబ్దపు మొదటి దశాబ్దంలో షోలాపూరు చాదరుకు, తువ్వాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆడవారు ఇంట్లో బీడీలు చుట్టి పూట గడిపినారు. ఆ బీడీల ఆదాయంతోనే నేను చదువుకొన్నాను. దానిని చెప్పుకోవడానికి ఏ కాలంలోనూ సిగ్గుపడలేదు. ఇప్పుడు చాదరు కూడ పాతబడింది. తేలికపాటి రగ్గులు కొనేవారే ఎక్కువ. చాలా పేటలలో సాంచెల మోత తగ్గింది. రాఖీ పున్నమినాడు మార్కండేయుని రథం మాత్రం ఇప్పటికీ వీధులు నిండేటట్లు కదులుతుంది; ఆ రథం వెనుక నడిచే కుర్రవాళ్ళలో నాడె చేతబట్టినవాడు ఏ నూటికో ఒక్కడు.

ఇక చీర సంగతి.

రెండేండ్లక్రితం మా మనుమరాలి పెండ్లి. పూనాలో ఉద్యోగం, పెండ్లికొడుకూ మనవాడే. పెండ్లికి నవ్వారి కట్టుకొంటానన్నది. మరాఠీ, తెలుగు అనే భేదం లేకుండ ఈ ప్రాంతపు పెండ్లిళ్ళలో ఇప్పుడు అదే ముచ్చట. నేను సంతోషించి ఇనుప పెట్టె తీసినాను. ఆ పిల్ల నవ్వి, “అది కాదు తాతా, కుట్టినది దొరుకుతుంది. పంట్లాములాగ తొడుక్కోవడమే. అద్దెకు కూడ ఇస్తారు” అన్నది. నిజమే, దొరుకుతుంది. ముందే కుచ్చిళ్ళు పెట్టి, కచ్చ కుట్టి, నడుముకు నాడా వేసి, అయిదు నిమిషాలలో తొడుక్కొనే తొమ్మిదిగజాల చీర. అందులో తొమ్మిది గజాలు ఉన్నవో లేవో ఎవరూ కొలవరు. నాకు కొంచెం కష్టం తోచిన మాట దాచను. కాని ఆ పిల్లకు కచ్చ పోయడం నేర్పవలసినవారు ఎవరు? మా బాపమ్మ 1978లో పోయింది. మా అమ్మ 1961లో మానివేసినది మళ్ళీ కట్టలేదు, అడిగినవారికి నేర్పనూ లేదు. నడుమ ఒక తరం నవ్వింది. ఆ నవ్వులో నేనూ ఉన్నాను. బడిలో పిల్లలు చూస్తారని, బాపమ్మను నా బడి ముందరికి రావద్దన్నవాణ్ణి నేనే. ఆమె ఆ తరువాత సందు మలుపులో నిలబడేది, అన్నం గిన్నె కొంగుకింద పెట్టుకొని.

పెండ్లి అయిన తరువాత మా మనుమరాలు ఒకనాడు ఆ పాతచీర తీయమన్నది. విప్పి మంచమంతా పరచినది. చీర పొడుగుకు మంచం చాలక సగం నేలమీద పరచవలసివచ్చింది. ఒకచోట, కొంగుకు జానెడు దూరంలో, పేక పోగు ఒకటి తప్పింది. తాత తప్పు. అంతటి పనివాడు, తన భార్య చీరలో తప్పినాడు. లేదా దీపం సన్నమై ఉంటుంది. ఆ పిల్ల దానిమీద వ్రేలు పెట్టి చాలాసేపు చూచింది. దీనిని కోసి ఆరుగజాలు తాను కట్టుకొంటానని, మిగిలిన మూడు గజాలతో అత్తగారికీ తల్లికీ రవికలు, నాకొక చొక్కా కుట్టిస్తానని అన్నది. కట్టుకొంటేనే గదా బట్ట, పెట్టెలో ఉంటే పురుగుకు మేత అని ఆమె వాదం. మా కోడలు వద్దంటుంది. కత్తెర పడితే మామగారి తాత మళ్ళీ చచ్చిపోయినట్లే అంటుంది. ఇద్దరూ నావైపు చూస్తారు. నేను ఇంకా ఏమీ చెప్పలేదు.

ఆ వాదం తేలేదాకా, పోయినేడు యుగాదికి ఆ చీరనే గుఢీకి కట్టినాము. తొమ్మిది గజాల చీరను కర్రకు కట్టడం సులువు కాదు. ఎంత కుచ్చిళ్ళు పోసినా కొంగు నేలను తాకుతూనే ఉన్నది. వీధిలో పోతున్న ఒక ముసలామె, ఎవరో మరాఠావిడ, నిలబడి ఆ అంచును వ్రేళ్ళతో పట్టి చూచి, ఇటువంటి లుగడా తన తల్లికి ఉండేదని మరాఠీలో చెప్పింది. అది మా తాత నేసినదని నేను చెప్పినాను. అవునా అని, మా వాకిట అరుగుమీద కూర్చున్నది. మా కోడలు లోపలినుండి పచ్చడి తెచ్చి పెట్టింది. ఈ ఏడు కూడ ఆ చీరే కడతాము.